అత్తయ్య అడిగిన పుస్తకం

ఏ బస్టాండులోనైనా సరే... పుస్తకాల బడ్డీ ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. పెద్దబాలశిక్ష, గంటల పంచాంగం, పచ్చళ్లూ పొడుల పుస్తకం, ముప్ఫై రోజుల్లో ఇంగ్లిషు... వీటి మధ్యలో పలుచటి అట్టతో 'పుట్టుమచ్చల శాస్త్రం' కూడా ఉంటుంది. మచ్చ పెదవి మీదుంటే ఒక ఫలితం, భుజం మీదుంటే మరో ఫలితం. అరికాల్లో ఉంటే మాత్రం దూర ప్రయాణాలట! మచ్చల గురించి మన ఇళ్లలో ఉండే పుస్తక జ్ఞానం చాలావరకూ ఇంతే.

తెనాలిలో ఉండే మా మేనత్తకు ఎడమ అరికాల్లో, మడమకి కాస్త ముందు నల్లటి మచ్చ కనిపించినప్పుడు మా వాళ్లంతా అన్నదీ అదే. కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు కాబట్టి ఆ ఏడాది అత్తయ్యకు విమానం ఎక్కే యోగం ఖాయమనుకున్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. అలాంటివి నమ్మదు. అయినా అందరితో పాటు నవ్వేసింది.

ప్రయాణం చేసింది మచ్చే. మొదట కందిగింజంత ఉండేది. ఏడాది తిరిగేసరికి రూపాయి బిళ్లంత అయింది. ఒక పక్క కాటుక నలుపు, మరో పక్క గోధుమ రంగు. అంచులు తిన్నగా లేవు. ఆనెకాయ అన్నారొకరు. మందుల షాపులో ఇచ్చిన ప్లాస్టర్లు కొన్నాళ్లు అంటించుకుంది. ఓ రోజు తెల్లవారుజామున ముగ్గు వేసి లోపలికొస్తుంటే గడప మీద రక్తపు మరక కనిపించిందట. అప్పుడు గుంటూరు వెళ్లి చర్మం డాక్టరుకు చూపించుకుంది. ఆయన చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత వచ్చిన రిపోర్టులో ఉన్న పేరు 'ఎక్రల్ లెంటిజినస్ మెలనోమా'. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్.

రెండేళ్ల కిందటి మాట ఇది.

బీరువా మీద ఫైలు

అలాంటి రిపోర్టు వస్తే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ముందు గొంతులు తగ్గుతాయి. 'అమ్మకి ఆ పేరు చెప్పొద్దు, భయపడుతుంది' అని న్యూజెర్సీ నుంచి బావ ఫోను. మామయ్య ఫైలు తీసుకెళ్లి బీరువా మీద, పాత ట్రంకుపెట్టె వెనకాల పెట్టాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ 'చిన్న గడ్డ, తీసేస్తే సరి' అన్నదే జవాబు. ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించాలని నిర్ణయమైంది కాబట్టి తెనాలి వెళ్లి ఇద్దరినీ తీసుకురావడం నా వంతయింది.

రైల్లో మామయ్య పైబెర్తు ఎక్కి పడుకున్నాక కిటికీ పక్క కూర్చున్న అత్తయ్యే మొదలుపెట్టింది.

"ఏరా, ఫైలు బీరువా మీద పెడితే నాకు కనపడదనుకున్నాడా మీ మామయ్య?"

నేనేం మాట్లాడలేదు.

"చర్మం పాఠం ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పాన్రా. మెలనిన్ ఏమిటో, దాన్ని తయారుచేసే కణాలేమిటో నాకు తెలీదా? చివర 'ఓమా' అని ఉంటే గడ్డ అని అర్థం. పేరులోనే అంతా ఉంటే మీరంతా కలిసి దాచేదేముంది?" కాసేపు బయటికి చూసి, మళ్లీ అంది. "నాకు దీని మీద ఒక పుస్తకం కావాలి. నువ్వు ఫోన్లో చూసి చెప్పడం కాదు. మొదలూ చివరా ఉన్న పుస్తకం."

ఫోన్లో చూడటం అప్పటికి వారం రోజులుగా నేను చేస్తున్న పని. రాత్రి రెండింటికి లేచి మరీ చూసేవాణ్ని. ఫోన్లో శాతాలు కనిపిస్తాయి. ఆ శాతం ఏ దశలో ఉన్నవాళ్లది, ఏ దేశం వాళ్లది, ఏ సంవత్సరం నాటిది అన్నది కనిపించదు. అత్తయ్య పుస్తకమే ఎందుకు కావాలందో నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

కాచిగూడ, కోఠి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు... అన్నీ తిరిగాను. క్యాన్సర్ మీద తెలుగు పుస్తకాలు లేకపోలేదు. రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్... మన దగ్గర ఎక్కువగా కనిపించేవి అవే కాబట్టి రాసినవాళ్లు వాటి గురించే రాశారు. మెలనోమా మన దేశంలో ఏటా లక్ష మందిలో ఒక్కరికి కూడా రాదు. దాని గురించి తెలుగులో విడిగా ఏదీ నా కంట పడలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేసిన మన కృష్ణా జిల్లా మనిషి డాక్టర్ నోరి దత్తాత్రేయుడి ఆత్మకథ 'ఒదిగిన కాలం' కొని తెచ్చాను. ధైర్యమిచ్చే పుస్తకమే. కానీ అత్తయ్య అడిగింది అది కాదు.

అడిగినది బావ పంపాడు. "అత్తయ్యకి అంతా తెలుసు బావా" అని చెబితే ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏం పుస్తకం కావాలంది?" అని మాత్రం అడిగాడు. హైదరాబాద్ వస్తున్న స్నేహితుడి చేత వారంలోనే చేర్చాడు.

రిపోర్టు చదవడం నేర్పిన పుస్తకం

ఆ పుస్తకం పేరు 'మెలనోమా: ప్రివెన్షన్, డిటెక్షన్ అండ్ ట్రీట్‌మెంట్'. యేల్ యూనివర్సిటీ ప్రెస్ 1998లో వేసింది. మార్పులతో 2005లో మళ్లీ వచ్చింది. రాసినవాళ్లు ఇద్దరు. కేథరిన్ పూల్ మెలనోమా వచ్చి తట్టుకున్న మనిషి, డూపాంట్ గెరీ ఆ జబ్బుకు వైద్యం చేసే డాక్టరు. రోగి, డాక్టరు కలిసి రాయడం వల్ల దీనికి ఒక మంచి గుణం వచ్చింది. రోగికి వచ్చే సందేహం ఎక్కడ వస్తుందో అక్కడే జవాబు ఉంటుంది.

ఉదాహరణకు బయాప్సీ రిపోర్టు. మన చేతికొచ్చే కాగితంలో అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు. కానీ మెలనోమా విషయంలో అందులో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఒకటుంటుంది. దాన్ని 'బ్రెస్లో మందం' అంటారు. అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పెథాలజిస్టు 1970లో చెప్పిన కొలత అది. మచ్చ ఎంత వెడల్పుందన్నది కాదు, చర్మం లోపలికి ఎంత లోతుకు దిగిందన్నది లెక్క. మిల్లీమీటరు లోపుంటే చాలామందికి ఆపరేషన్‌తో సరిపోతుంది. నాలుగు దాటితే కలవరపడాలి. మచ్చ పైభాగం పుండు పడిందా లేదా అన్నది రెండో ప్రశ్న. దగ్గర్లోని లింఫ్ గ్రంథిలోకి పాకిందా అన్నది మూడోది. అన్ని గ్రంథులూ తీసేయకుండా, క్యాన్సర్ కణాలు ముందుగా చేరే గ్రంథిని రంగు మందుతో పట్టుకుని దాన్ని మాత్రమే పరీక్షిస్తారు. దాని పేరు 'సెంటినెల్ నోడ్'.

అత్తయ్య రిపోర్టులో మందం 2.4 మిల్లీమీటర్లు. పుండు లేదు. పుస్తకం పక్కన పెట్టుకుని ఆ రెండు మాటలూ రిపోర్టులో ఆవిడే వెతికి పట్టుకుంది. నోట్‌బుక్కులో గీతలు కొట్టి ప్రశ్నలు రాసుకుంది. సర్జన్ దగ్గర మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పొద్దుట్నుంచీ రోగుల్ని చూసి అలిసిపోయిన మనిషి, ఫైలు మామయ్య వైపు తిప్పి వివరాలు చెప్పబోయారు. "ఇటు చెప్పండి బాబూ, కాలు నాది" అంది అత్తయ్య. చుట్టూ ఎంత మేర తీస్తారు? రెండు సెంటీమీటర్లు. సెంటినెల్ నోడ్ చూస్తారా? చూస్తాం, గజ్జల దగ్గర. అరికాల్లో అంత చర్మం తీస్తే ఎలా పూడుస్తారు? తొడ మీంచి తీసి అతుకుతాం. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అయిదు నిమిషాల్లో ముగిసే ఓపీ ఇరవై నిమిషాలైంది. మామయ్య నోరు తెరిచి వింటూ ఉండిపోయాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 'సూది తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది, ముక్క తీయించొద్దు' అని తెనాలిలో పక్కింటావిడ అత్తయ్యను హెచ్చరించారట. ఇది మన దగ్గర చాలామంది నమ్మే మాట. ముక్క తీసినందువల్ల మెలనోమా పాకుతుందనడానికి ఆధారాల్లేవు. తీయకపోతేనే జబ్బేమిటో, ఎంత లోతుందో తేలదు.

ఇంత మేలు చేసిన పుస్తకంలో కూడా ఒక చిక్కుంది. దాని వయసు. చికిత్సల అధ్యాయం మొత్తం ఇంటర్‌ఫెరాన్ చుట్టూ, పాత కీమోథెరపీ చుట్టూ తిరుగుతుంది. జబ్బు ముదిరితే ఆశ పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని రోజులవి. ఈ జబ్బుకు వైద్యం పూర్తిగా మారిపోయింది 2011 తర్వాత. కాబట్టి మెలనోమా మీద ఏ పుస్తకం దొరికినా ముందు చూడాల్సింది అట్ట వెనక సంవత్సరం. అత్తయ్య ఆ అధ్యాయం పేజీలన్నిటికీ కలిపి ఒక క్లిప్పు పెట్టి, పైన పెన్సిల్‌తో 'పాత సిలబస్' అని రాసింది.

ఎండ తగలని చోట

ఈ పుస్తకాలన్నీ తెల్లచర్మం వాళ్ల కోసం రాసినవి. అది వాళ్ల తప్పేం కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, ఐరోపా... జబ్బు ఎక్కువగా ఉన్నది అక్కడ. అందుకే పేజీల నిండా ఎండ, టోపీ, సన్‌స్క్రీన్, సముద్రపు ఒడ్డు. అత్తయ్య చదువుతూ చదువుతూ ఆగి, "అరికాలికి ఎండెక్కడ తగిలిందిరా?" అంది.

సరైన ప్రశ్న. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండ వల్ల వచ్చే మెలనోమా మనకు చాలా అరుదు. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మం వాళ్లకు వస్తే ఎక్కువగా వచ్చేది అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. అదే ఎక్రల్ రకం. దానికి ఎండతో సంబంధం లేదు. రెగ్గే పాటల బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడిందీ ఇదే. బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981 మేలో, 36 ఏళ్లకే చనిపోయాడు. గోరు కిందా అరికాల్లో వచ్చేదాన్ని దెబ్బ అనో, ఆనె అనో, పుచ్చుగోరు అనో అనుకోవడం వల్ల ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే ప్రమాదం ఎక్కువ.

పుట్టుమచ్చను గుర్తుపట్టడానికి న్యూయార్క్ డాక్టర్లు 1985లో ఎ, బి, సి, డి అని ఒక సూత్రం చెప్పారు. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండటం, రంగులు కలగాపులగంగా ఉండటం, పెన్సిల్ చివరి రబ్బరు కంటే పెద్దదవ్వడం. తర్వాత 2004లో 'ఇ' చేర్చారు. మచ్చ మారుతూ ఉండటం. నా మటుకు నాకు ఈ చివరిదే అన్నిటికంటే పనికొచ్చేదిగా అనిపించింది. చిన్నప్పట్నుంచీ అలాగే ఉన్న మచ్చల జోలికి పోనక్కర్లేదు. పెద్దయ్యాక అరికాల్లో కొత్తగా వచ్చి పెరుగుతున్నా, రక్తం వస్తున్నా, నెలలు గడిచినా పుండు మానకపోయినా, ఒకే గోటిలో నల్లటి గీత వెడల్పవుతూ పక్క చర్మం మీదికి పాకుతున్నా చర్మం డాక్టరుకు చూపించాలి. ఇంతే. పుస్తకాల్లో ఇది ఒకటి రెండు పేజీలకు మించి లేదు. మనకు కావాల్సింది మాత్రం ఆ రెండు పేజీలే.

కాలు ఎత్తిపెట్టుకున్న ఆరు వారాలు

ఆపరేషన్ అయింది. సెంటినెల్ నోడ్‌లో ఏమీ లేదని తేలింది. ప్రస్తుతానికి వేరే మందులేవీ అక్కర్లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. అరికాలి మీద అతికిన చర్మం నిలదొక్కుకునే దాకా కాలు కింద పెట్టకూడదు. ఆరు వారాలు అత్తయ్య మా ఇంట్లోనే, రెండు దిళ్ల మీద కాలెత్తి పెట్టుకుని పడుకుంది. పగలు కాస్త ఆవిడే చదివేది. ఇంగ్లిషు వచ్చు గానీ చిన్న అక్షరాలతో కళ్లు లాగేవి. రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ని.

సిద్ధార్థ ముఖర్జీ 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' ముందు మొదలుపెట్టాం. 2010లో వచ్చి, మరుసటి ఏడాది పులిట్జర్ గెలుచుకున్న పుస్తకం. క్యాన్సర్ చరిత్ర మొత్తం ఉంటుంది. గొప్ప పుస్తకమే. కానీ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషి చేతిలో పెట్టదగ్గది కాదని నా అభిప్రాయం. పాతకాలపు ఆపరేషన్ల వర్ణనలు నేనే దాటేసి చదివాను. అయితే అందులో యల్లాప్రగడ సుబ్బారావు కథ వచ్చినప్పుడు మాత్రం అత్తయ్య లేచి కూర్చుంది. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రి పోర్టరుగా పనిచేసి, చివరికి లెడర్లీ లేబొరేటరీలో పరిశోధనలకు పెద్దయి... ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ విరోధి మందులతోనే సిడ్నీ ఫార్బర్ 1947, 48లో పసిపిల్లల రక్త క్యాన్సర్‌కు మొదటిసారి కాస్త తెరిపి తెచ్చారు. అందులోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఇప్పటికీ వాడుతున్నారు. "ఈయన గురించి ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేదాన్ని. ఇంత వివరంగా నాకే తెలీదు" అంది. ఆ పూట నొప్పి మాత్ర అడగలేదు.

చార్లెస్ గ్రేబర్ 'ది బ్రేక్‌త్రూ' 2018లో వచ్చింది. క్లిప్పు పెట్టిన 'పాత సిలబస్' స్థానంలో పెట్టుకోవాల్సిన పుస్తకం అది. మన ఒంట్లో ఉండే రోగనిరోధక కణాలకు బ్రేకులుంటాయి. అవి లేకపోతే మన ఒంటినే తినేస్తాయి. క్యాన్సర్ ఆ బ్రేకు మీద కాలు పెట్టి తప్పించుకుంటుంది. జేమ్స్ ఎలిసన్, జపాన్‌కు చెందిన తసుకు హొంజో విడివిడిగా ఆ బ్రేకుల్ని అర్థం చేసుకున్నారు. ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకుల్ని వదులు చేసే మందులు అమెరికాలో 2011లో ఒకటి, 2014లో రెండు వచ్చాయి. అన్నీ మొదట అనుమతి పొందింది మెలనోమాకే! అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో మెలనోమా మెదడు దాకా పాకింది. ఆపరేషన్, రేడియేషన్‌తో పాటు ఆ మందుల్లో ఒకటి ఇచ్చారు. నూరేళ్లు నిండాక 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఒంట్లో పాకిన మెలనోమాకు రెండు రకాల మందులు కలిపి ఇచ్చిన రోగుల్ని పదేళ్లు గమనిస్తే, నూటికి 43 మంది బతికే ఉన్నారని 2024లో ప్రకటించారు. ఒకప్పుడు చాలామంది ఏడాది కూడా ఉండేవారు కాదు.

అయితే ఇక్కడా మనం గుర్తుంచుకోవాల్సింది ఉంది. ఎక్రల్ రకం మీద ఈ మందులు అంత బాగా పనిచేయవు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆ సంగతి నేను చదవకుండా దాటేద్దామనుకునేలోపే అత్తయ్య అడిగేసింది. "ఇది నా రకానికేనా?" కొంతవరకే అని చెప్పాను.

మేరీ ఎలిజబెత్ విలియమ్స్ అనే న్యూయార్క్ జర్నలిస్టు రాసిన 'ఎ సిరీస్ ఆఫ్ కెటాస్ట్రోఫీస్ అండ్ మిరకిల్స్' నాకు బాగా నచ్చింది. 2010లో ఆమెకు తలమీద మెలనోమా వచ్చింది. మరుసటి ఏడాది ఊపిరితిత్తికి పాకింది. ఈ కొత్త మందుల ప్రయోగంలో చేరిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకరు. మూడు నెలల్లో జబ్బు కనిపించకుండా పోయింది. చిన్నపిల్లలున్న ఇల్లు, బిల్లులు, పరామర్శించడానికొచ్చి ఏడిపించి వెళ్లేవాళ్లు... అంతా నవ్విస్తూ రాస్తుంది. అత్తయ్య మాత్రం సగంలో చాలంది. "బాగుందిరా. కానీ ఆమెకు దొరికింది. దొరకనివాళ్లు రాసింది ఏమైనా ఉందా?"

నేను భయపడిన ప్రశ్న అది. ఎందుకంటే అలాంటిది నా సంచిలో అప్పటికే ఉంది. ఇవ్వాలా వద్దా అని పది రోజులుగా తిప్పుతున్నాను.

ఎనభై మూడో మూలకం

ఆలివర్ శాక్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నరాల డాక్టరు. రోగుల కథల్ని కథల్లాగే రాసిన మనిషి. 2005 డిసెంబరులో ఆయన కుడికంట్లో మెలనోమా బయటపడింది. ఈ జబ్బు కంట్లో కూడా వస్తుంది. అరికాలి రకం వేరు, అది వేరు. రేడియేషన్, లేజర్ ఇచ్చారు. కాలక్రమంలో ఆ కన్ను పోయింది. ఆ రోజుల డైరీని 2010లో వచ్చిన 'ది మైండ్స్ ఐ'లో ఒక అధ్యాయంగా పెట్టారు. డెబ్భై ఏళ్లు దాటిన పేరున్న డాక్టరు, తను రోగి అయ్యేసరికి మనలాగే ఎలా బెంబేలెత్తిపోయారో దాచకుండా రాశారు. రెండు కళ్లతో చూస్తేనే తెలిసే లోతు పోయాక మెట్లు, కాఫీ కప్పు, మనుషులు ఎలా కనిపిస్తారో బొమ్మలు వేసి మరీ చెప్పారు. భయపడుతూనే ఆ భయాన్ని పరిశీలించడం అందులో ఉంటుంది.

2015 జనవరిలో ఆయనకు తెలిసింది, జబ్బు కాలేయానికి పాకిందని. ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఆ సంగతి తనే రాశారు. ఆగస్టు 30న పోయారు. చివరి రోజుల్లో రాసినవి, అంతకుముందు ఎనభయ్యో ఏట రాసినది కలిపి నాలుగు వ్యాసాలు 'గ్రాటిట్యూడ్' పేరుతో అదే ఏడాది పుస్తకంగా వచ్చాయి. గంటలో చదివేయొచ్చు. మా ఇంట్లో నాలుగు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రే అడిగింది. "బయటపడ్డాక ఎన్నాళ్లున్నాడు?"

చెప్పాను. వేళ్ల మీద లెక్కేసుకుంది. తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు.

"ఆ మధ్యలో ఏం చేశాడు?"

2007లో ఒక పుస్తకం, 2010లో ఒకటి, 2012లో ఒకటి, పోయే ఏడాది ఆత్మకథ. రోజూ ఈత కూడా.

"అయితే ఊరికే కూర్చోలేదన్నమాట" అని దిండు సర్దుకుంది.

మూడో వ్యాసం పేరు 'మై పీరియాడిక్ టేబుల్'. శాక్స్‌కు చిన్నప్పట్నుంచీ రసాయన మూలకాల పిచ్చి. ప్రతి పుట్టినరోజుకూ ఆ వయసు అంకె గల మూలకాన్ని దగ్గర పెట్టుకునేవారు. 82కి సీసం. ఆ తర్వాతిది 83, బిస్మత్. ఆ పుట్టినరోజును తను చూడనని ఆయనకు తెలుసు. తెలిసే రాశారు. చదువుతుంటే నా గొంతు పట్టేసింది. అత్తయ్య వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఆవిడేమో పైకప్పు వంక చూస్తూ ఏదో లెక్క కడుతోంది. "అరవై ఎనిమిది... ఎర్బియం. నాకిప్పుడు ఎర్బియం నడుస్తోందిరా. పిల్లలకి ఇరవై దాకానే కంఠతా పట్టించేవాళ్లం. ఈ కిందివాటిని ఎవడూ పట్టించుకోడు." మా అమ్మాయిని పిలిచి క్యాలెండరు వెనక ఆవర్తన పట్టిక మొత్తం గీయించింది. 69 తులియం. 70 ఇటెర్బియం. ఎర్బియం, ఇటెర్బియం, టెర్బియం, ఇట్రియం... ఈ నాలుగింటికీ స్వీడన్‌లోని ఇటర్బీ అనే ఒకే పల్లెటూరి పేరు పెట్టారని దానికి పాఠం చెప్పింది. ఆ కాగితం ఇప్పుడు తెనాలిలో, మామయ్య ఫైలు దాచిన బీరువా తలుపుకే అంటించి ఉంది. నిరుడు తులియం దగ్గర టిక్కు పెట్టారు. ఈ ఏడు ఇటెర్బియం దగ్గర.

వీటిలో ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే నేను ఒక పేరు చెప్పలేను. జబ్బు తెలిసిన వారంలో కావాల్సింది వేరు, ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు కావాల్సింది వేరు, రాత్రి నిద్రపట్టనప్పుడు కావాల్సింది వేరు. ఇంట్లోవాళ్లకు కావాల్సింది ఇంకా వేరు. బావ 'గ్రాటిట్యూడ్' తనే ఇంకో కాపీ కొనుక్కుని చదివాడు. ఇప్పుడు ఆదివారం ఫోన్లలో తల్లీకొడుకులు కాలి సంగతి కాలి సంగతిలాగే మాట్లాడుకుంటున్నారు.

మొన్న పరీక్షకు వచ్చినప్పుడు అత్తయ్య సంచిలోంచి రెండు వందల పేజీల లాంగ్‌నోట్సు తీసింది. అరికాళ్ల గురించి, గోళ్ల గురించి ఉన్న పేజీలు, రిపోర్టు ఎలా చదవాలన్న అధ్యాయం తెలుగులోకి రాస్తోంది. వాళ్ల వీధి చివర ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ అడిగిందట. గుండ్రటి చేతిరాత, మార్జిన్లు, ఎర్ర ఇంకుతో కింద గీతలు. ఇరవై మూడు పేజీలయ్యాయి. 'మెలనోమా'ని మెలనోమాగానే ఉంచేసింది. 'బ్రెస్లో మందం' కూడా అంతే. ఒక్క చోట మాత్రం మాట కోసం ఖాళీ వదిలి, పక్కన పెన్సిల్‌తో రెండు మూడు రాసి కొట్టేసింది.

"సెంటినెల్ నోడ్‌కి 'కాపలా గ్రంథి' అంటే ఎలా ఉంటుందిరా? నువ్వు పత్రికలో రాసేవాడివి కదా, చెప్పు."

బాగుందన్నాను. పెన్ను మూత తీసింది.